గుంటగలగరాకు ఎంతవరకు పనిచేస్తుంది?

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్న ఈ మొక్కను మీలో చాలామంది గుర్తుపట్టే ఉంటారు. గుంటగలగర. పొలం గట్ల మీద, కాలవ ఒడ్డున, తడి ఉన్న చోటల్లా మొలుస్తుంది. ఆకు తుంచి ఇలా అరచేతిలో నలిపితే ముందు పచ్చగానే ఉంటుంది. కాసేపాగి చూడండి, చెయ్యి నల్లబడుతుంది. ఆ నలుపు చూసే మన పెద్దవాళ్ళు దీన్ని జుట్టుకు వాడడం మొదలుపెట్టి ఉంటారని నాకనిపిస్తుంది. సంస్కృతంలో భృంగరాజం అన్నారు, కేశరాజం అనీ అన్నారు.

నేను ఫార్మసీ విద్యార్థులకు మొక్కల మందుల పాఠం చెబుతాను. కానీ ఈ ఆకు మీద నమ్మకం నాకు మా అమ్మ దగ్గర మొదలైంది. మొదటి కాన్పయిన మూడో నెలలో దువ్వెన పెడితే చాలు, గుప్పెడు జుట్టు ఊడొచ్చేది. ఒకటే టెన్షన్. అమ్మ ఊరి నుంచి ఆకు తెప్పించి, దంచి, రసం పిండి, నువ్వులనూనెలో పోసి సన్నసెగ మీద కాచేది. అడుగున మిగిలిన పిప్పిని వత్తిలా చేసి వెలిగించేది. చిటపటలాడకుండా మండితే తడి పోయినట్టు, నూనె దించొచ్చు. రోజు విడిచి రోజు రాసింది. నాలుగైదు నెలలకు నుదుటి అంచున చిన్న చిన్న వెంట్రుకలు లేచాయి. "చూశావా, ఆకు మహిమ" అంది. నేనూ నమ్మాను.

రెండో కాన్పుకు అమ్మ మంచంలో ఉంది. నూనె కాచేవాళ్ళు లేరు. మళ్ళీ మూడో నెలలో అంతే ఊడింది. ఏమీ రాయలేదు. మళ్ళీ అదే టైముకి వెంట్రుకలు వచ్చాయి.

వెంట్రుక రెండు నుంచి ఆరేళ్ళు పెరుగుతుంది, తర్వాత సుమారు మూడు నెలలు ఊరికే ఉండి రాలిపోతుంది. రోజుకు 50 నుంచి 100 రాలడం మామూలే. కాన్పు, టైఫాయిడ్, డెంగ్యూ, పెద్ద ఆపరేషన్ లాంటివి వచ్చినప్పుడు చాలా వెంట్రుకలు ఒక్కసారే ఆ విశ్రాంతిలోకి పోతాయి. రెండు మూడు నెలలకు కలిసి రాలతాయి. కుదురు చెడదు కాబట్టి ఎక్కువమందిలో వాటంతటవే మళ్ళీ వస్తాయి. మనం నూనె మొదలుపెట్టేది సరిగ్గా బాగా ఊడుతున్నప్పుడే. అప్పటికే తగ్గే రోజులు దగ్గరపడి ఉంటాయి. పేరు మాత్రం నూనెకొస్తుంది.

అలాగని మొక్కల్లో ఏమీ లేదని నేననను. 2003లో మందార మీద మన దేశంలో ఒక పరిశోధన జరిగింది. ఎలుకల మీద చూస్తే పువ్వు సారం కంటే ఆకు సారమే బాగా పనిచేసింది. మనమేమో పువ్వులే ఏరి నూనెలో వేస్తాం! గుంటగలగర మీదా ఎలుకల్లో మంచి ఫలితాలున్నాయి. కానీ సారం అంటే ఏమిటో గమనించండి. ఆకును ఎండబెట్టి, పెట్రోలియం ఈథర్ లాంటి ద్రావకంలో నానబెట్టి, ఆ ద్రావకాన్ని ఆవిరి చేస్తే అడుగున జిగటగా మిగిలేది అది. మన మూకుడులో కాగే నూనె, అదీ ఒకటి కావు. ఎలుక వీపూ మన మాడూ ఒకటి కావు.

మనుషుల మీద జరిగినవాటిలో 2015 నాటి ఇరాన్ పరిశోధన ముఖ్యమైనది. బట్టతల మొదలైన 100 మంది మగవాళ్ళలో సగం మందికి రోజ్‌మేరీ అనే సువాసన మొక్క నూనె, సగం మందికి బట్టతలకు డాక్టర్లు ఇచ్చే పూతమందు మినాక్సిడిల్ 2 శాతంది ఇచ్చారు. మూడు నెలలకు చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆరు నెలలకు రెండు గుంపుల్లోనూ వెంట్రుకలు కొంత పెరిగాయి. ఆశ పుట్టించే ఫలితమే. అయితే పోల్చి చూడడానికి ఏమీ రాయని మూడో గుంపు లేదు. పైగా ఇవాళ డాక్టర్లు మగవాళ్ళకు ఎక్కువగా ఇస్తున్న మినాక్సిడిల్ 2 శాతంది కాదు, 5 శాతంది.

జుట్టు గుండ్రంగా మచ్చలుమచ్చలుగా ఊడిపోయే పేనుకొరుకుడు సంగతి వేరు. అది పేను కొరకడం వల్ల రాదు. మన రోగనిరోధక శక్తే కుదుళ్ళ మీద పడుతుంది. 2002లో బాగ్దాద్‌లో ఉల్లిరసం రోజుకు రెండుసార్లు రాసిన 23 మందిలో 20 మందికి ఆరు వారాల్లో వెంట్రుకలు వచ్చాయి. నీళ్ళు రాసిన 15 మందిలో ఇద్దరికే. చిన్న పరిశోధన, పైగా పేనుకొరుకుడు తనంతట తానూ తగ్గుతుంది. అయినా ఉల్లిరసంతో పెద్ద ప్రమాదం లేదు. గురివింద గింజ నూరి రాయడం మాత్రం దయచేసి మానండి. అది విషం. పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

మా అమ్మ నేర్పిన నూనె నేనిప్పటికీ ఆదివారాలు రాసుకుంటాను. చిక్కులు సులువుగా వస్తాయి, వెంట్రుక తెగదు. కొబ్బరినూనె వెంట్రుకలోని ప్రోటీన్ పోకుండా ఆపుతుందని 2003లో తేలింది కూడా. అయితే అది ఉన్న వెంట్రుకను కాపాడడం. పోయిన చోట మొలిపించడం వేరే పని. బట్టతల నయం చేస్తామని మందు మీద రాసుకోవడానికి మన ఔషధ నిబంధనల షెడ్యూల్ జె ఒప్పుకోదు. సీసా కొనేముందు ఆ మాట గుర్తుపెట్టుకోండి.

పాపిట వెడల్పవుతున్నా, ఆరు నెలలు దాటినా ఊడడం ఆగకపోయినా చర్మ వైద్యుల దగ్గరకు వెళ్ళండి. ఆడపిల్లలైతే రక్తం, ఐరన్, థైరాయిడ్ పరీక్షల గురించి అడగండి. వెళ్ళేటప్పుడు మీరు రాస్తున్న నూనె సీసా, మింగుతున్న చూర్ణం ప్యాకెట్ కూడా సంచిలో వేసుకెళ్ళి చూపించండి.