పశువుల వెంట గడిచిపోయే బడి ఏళ్ళు: లెసోతోలో మగపిల్లల చదువు

సభకు నమస్కారం.

ఆఫ్రికా దేశాల్లో చదువు గురించి మాట్లాడినప్పుడల్లా బడికి దూరమైన ఆడపిల్లల ప్రస్తావన వస్తుంది. చాలా దేశాల విషయంలో అది న్యాయమే. అయితే ఈ రోజు నేను ఎంచుకున్న లెసోతోలో పరిస్థితి వేరు. అక్కడ ముందుగా బడి మానేసేది మగపిల్లవాడు. 2014లో జరిగిన జనాభా, ఆరోగ్య సర్వే చూస్తే, 15 నుంచి 49 ఏళ్ళ వయసున్న స్త్రీలలో దాదాపు 97 శాతం అక్షరాస్యులు కాగా, పురుషులలో అది 85 శాతం దగ్గరే ఆగింది. ఈ తేడా తరాలుగా ఉన్నదే. 1833లో ఫ్రాన్సు నుంచి వచ్చిన ప్రొటెస్టెంటు మిషనరీలు మొదట బడులు పెట్టారు. నేటికీ అక్కడి బడుల్లో ఎక్కువ భాగం చర్చిల ఆధ్వర్యంలోనే నడుస్తున్నాయి. ఆ బడులు ఇద్దరికీ తలుపులు తెరిచే ఉంచాయి. మరి మగపిల్లవాడు ఎందుకు నిలవలేకపోయాడన్నదే మనం ఆలోచించవలసిన విషయం.

నలువైపులా దక్షిణాఫ్రికాయే సరిహద్దుగా ఉన్న ఈ చిన్న దేశంలో అతి పల్లపు చోటు కూడా సముద్రమట్టానికి 1,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. సాగుకు పనికివచ్చే నేల బాగా తక్కువ. అందుచేత బసోతో ప్రజలకు ఆస్తి అంటే ఆవులు, గొర్రెలు, మేకలు. పెళ్ళికి వరుడి తరఫువారు ఇచ్చే ఓలి కూడా పశువుల లెక్కలోనే సాగుతుంది. గొర్రెల ఉన్ని, అంగోరా మేకల నుంచి వచ్చే మోహెయిర్ అనే బొచ్చు దేశం నుంచి ఎగుమతి అవుతాయి. ఇంత ఆస్తిని కాపలా కాసేది ఎవరంటే, చాలా ఇళ్ళలో, ఇంకా మీసం మొలవని పిల్లవాడు.

ఇలాంటి కాపరి పిల్లలను అక్కడి సెసోతో భాషలో బాలిసానా అంటారు. ఐదారేళ్ళ వయసులో ఊరి దగ్గర గొర్రెపిల్లలను మేపడంతో వాడి పని మొదలవుతుంది. కొంచెం పెద్దయ్యాక మందతో పాటు కొండల పైకి, మోతెబో అనే వేసవి మకాంకు పంపుతారు. మోతెబో అంటే ఊరికి గంటల కొద్దీ నడక దూరంలో రాళ్ళు పేర్చి, పైన గడ్డి కప్పిన చిన్న గుడిసె, పక్కనే రాతి దొడ్డి. ఒంటి మీద దుప్పటి, కాళ్ళకు రబ్బరు బూట్లు, చేతిలో కర్ర, తోడుగా కుక్కలు. యజమాని అప్పుడప్పుడు పంపే మొక్కజొన్న పిండితో వండుకునే పాపా వాడి భోజనం. మంచు కురిసినా, పశువుల దొంగలు ఆయుధాలతో వచ్చినా మందను విడిచి రాకూడదు. తప్పిపోయిన గొర్రెకు బాధ్యుడు వాడే.

సొంత ఇంటి మందను కాసేవాడు ఒక రకం, పరాయివాళ్ళ దగ్గర కుదిరినవాడు మరొక రకం. రెండోవాడికి ఏడాది పని పూర్తయ్యాక ఒక ఆవునో, కొన్ని గొర్రెలనో కూలిగా ఇస్తారు. మన పల్లెల్లో పిల్లవాడిని ఆసామి దగ్గర ఏడాది జీతానికి పెట్టిన కాలం ఎరిగిన పెద్దలకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. ఏడాది మధ్యలో బడికి పోతానంటే అప్పటిదాకా చేసిన చాకిరీ మట్టిపాలే. 2014 సర్వే నాటికి వయోజనులలో సుమారు నలుగురిలో ఒకరికి హెచ్‌ఐవీ సోకిన దేశం అది. తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లవాడికి ఈ కొలువు తిండికీ నీడకూ ఆధారం కూడా అవుతుంది.

చదువు లేకపోయినా బతుకు గడుస్తుందన్న ధీమా ఆ ఇళ్ళలో కలగడానికి మరొక కారణం ఉంది. దక్షిణాఫ్రికా బంగారు గనులు దశాబ్దాల పాటు బసోతో మగవారిని పనిలోకి తీసుకున్నాయి. 1980ల చివర లక్ష మందికి పైగా ఆ గనుల్లో ఉండేవారు. అక్కడ కావలసింది కండబలం. ఏడో తరగతి పాసైన కాగితాన్ని అడిగినవారు లేరు. తండ్రి గనికి పోతే ఇంటి మందకు కొడుకు దిక్కయ్యాడు, ఆ కొడుకు ఎదిగి తానూ గనికి పోయాడు. 1990లలో గనులు వేల మందిని తీసేశాయి. గని పని మాయమైనా మంద మాత్రం ఇంటి వద్దే ఉంది, దాన్ని కాసే బాధ్యత కూడా కొడుకు మీదే ఉంది. మగపిల్లవాడికి జరిగిన అతి పెద్ద అన్యాయం ఇదేనని నా అభిప్రాయం: చదువు మానడానికి ఉన్న ఆర్థిక కారణం పోయింది, అలవాటు మిగిలిపోయింది.

ప్రభుత్వం ఊరుకోలేదు. 2000లో ఒకటో తరగతికి ఫీజు ఎత్తివేసి, ఏటా ఒక్కో తరగతికి పెంచుకుంటూ 2006 నాటికి ఏడేళ్ళ ప్రాథమిక విద్యనంతా ఉచితం చేసింది. 2010 విద్యా చట్టం దాన్ని నిర్బంధం కూడా చేసింది. ఇవి నిజంగా పెద్ద అడుగులు. ఫీజు కట్టలేక ఆగిపోయిన పిల్లలు గుంపులుగా బడికి వచ్చారు. వారిలో ఈడు మించిన పశువుల కాపరులూ ఉన్నారు. అయితే ఆరేళ్ళ పిల్లల పక్కన బల్ల మీద కూర్చున్న పదమూడేళ్ళ కుర్రవాడు, కొండ మీద మందను ఒంటరిగా ఏలినవాడు, ఆ తరగతిలో ఎన్నాళ్ళు ఓర్చుకుంటాడు? పైగా బడి సంవత్సరం దశాబ్దాల పాటు జనవరిలో మొదలై డిసెంబరులో ముగిసేది. భూమధ్యరేఖకు దక్షిణాన అది వేసవి, అంటే మందలు కొండల మీద ఉండే కాలం. బడి తెరిచే నెలలోనూ, పరీక్షలు పెట్టే నెలలోనూ వాడు ఊళ్ళో ఉండేవాడు కాదు. ఫీజు తీసేయడం వల్ల ఈ చిక్కు విడిపోలేదు. ఏడో తరగతి దాటినవారికి ఫీజు మళ్ళీ ఎదురవుతుంది. మొఖొత్లోంగ్, థాబా-త్సెకా వంటి కొండ జిల్లాల్లో హైస్కూలుకు దూరాభారమూ తోడవుతుంది.

పిల్లవాడి దినచర్యకు తగ్గట్టు సాగిన ప్రయత్నాలు కూడా ఉన్నాయి. 1974లో ఏర్పడిన లెసోతో దూరవిద్యా కేంద్రమూ, కొన్ని స్వచ్ఛంద సంస్థలూ పశువుల కాపరులకు విడిగా తరగతులు నడిపాయి. మంద దొడ్డి చేరాక, పొద్దుగూకిన తరువాత, దీపపు వెలుగులో సాగే తరగతులవి. సెసోతోలో చదవడం, రాయడం, లెక్కలు అక్కడి పాఠాలు. దుప్పట్లు కప్పుకుని పిల్లలు కూర్చుంటారు. నేల మీద గళ్ళు గీసి రాళ్ళతో మొరాబరాబా ఆటలో ఎత్తులు వేసే ఈ పిల్లలకు, వందల గొర్రెలలో తమవేవో పోల్చుకోగల ఈ పిల్లలకు, లెక్కల బుద్ధి కొత్తది కాదు. రాత్రి తరగతుల నుంచి మామూలు బడిలో పై తరగతికి చేరే దారిని సుగమం చేయడం చాలా అవసరమని నేను భావిస్తున్నాను.

ఇక్కడ ఒక అపార్థానికి తావివ్వకూడదు. మగపిల్లలు వెనకబడ్డారంటే ఆడవారు ముందుకు దూసుకుపోయారని కాదు. ఎక్కువ ఏళ్ళు చదివిన ఆ దేశపు వివాహిత స్త్రీ 2006లో చట్టం మారేవరకు న్యాయం దృష్టిలో మైనరుగానే ఉండిపోయింది. భర్త అనుమతి లేకుండా ఒప్పందం మీద సంతకం పెట్టలేకపోయింది. కాబట్టి మగపిల్లవాడి కోసం పెట్టే ఖర్చును ఆడపిల్ల వాటాలోంచి తీయడాన్ని నేను సమర్థించను.

ఎన్ని బడులు కట్టినా, మందను ఎవరు కాస్తారన్న ప్రశ్నకు జవాబు దొరకనంతవరకు ఆ పిల్లవాడు బడిలో నిలవడు. పెద్దవారిని కూలికి పెట్టుకుని కాయించుకోగల స్థోమత ఊరికి రావాలి. నాలుగైదు కుటుంబాలు కలిసి ఒకే మందగా కట్టి ఒక వయోజన కాపరికి నగదు కూలి ఇస్తే, అనేక మంది పిల్లలకు సెలవు దొరుకుతుంది. ఉన్ని, మోహెయిర్ అమ్మకం మీద వచ్చే ఆదాయం ఆ ఇళ్ళకు సకాలంలో, సరైన ధరకు చేరడం కూడా ఇందుకు ముఖ్యం. అనాథ పిల్లల ఇళ్ళకు ప్రభుత్వం ఇచ్చే నగదు సాయం కొండ జిల్లాలకు పూర్తిగా అందాలి. ఇంటింటి సర్వేలకు చిక్కకుండా మోతెబోలో ఉండిపోయే పిల్లలను లెక్కలోకి తీసుకోవడానికి, గణన సిబ్బంది వేసవిలో కొండ ఎక్కవలసి ఉంటుంది. ఆ పని మొదట జరగాలి, ఎందుకంటే ఎంతమంది ఉన్నారో తేలకుండా ఎన్ని రాత్రి తరగతులు కావాలో, ఎంతమంది ఉపాధ్యాయులు కావాలో ఏ విద్యాశాఖా నిర్ణయించలేదు.