అభివృద్ధి ప్రణాళిక: ప్రజలను ఎప్పుడు పిలుస్తున్నారు?

నమస్కారం. వచ్చే ఏడాది ఏ పనులు చేపట్టాలో, వాటికి నిధులు ఎక్కడి నుంచి తేవాలో, ఏ పని ముందు జరగాలో చెప్పే పత్రమే స్థానిక సంస్థ అభివృద్ధి ప్రణాళిక. దాని తయారీలో ప్రజలను భాగస్వాములను చేశామని చెప్పని పాలకవర్గం అరుదు. సభ జరిగిన తేదీని, హాజరు పట్టీలోని సంతకాలను, ఫొటోలను అందుకు రుజువుగా చూపుతారు. నేను అంతకంటే ముందు ఒక ప్రశ్న అడుగుతాను. ప్రజలను పిలిచింది పనుల జాబితా సిద్ధం కాకముందా, ఖరారైన తర్వాతా?

అమెరికాకు చెందిన షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో రాసిన వ్యాసంలో పౌర భాగస్వామ్యాన్ని 8 మెట్ల నిచ్చెనగా వివరించారు. కింది రెండు మెట్ల మీద భాగస్వామ్యం అన్నదే లేదు. సమాచారం ఇవ్వడం మూడో మెట్టు, అభిప్రాయం అడగడం నాలుగో మెట్టు. ప్రజలకు నిర్ణయంలో నిజమైన వాటా దక్కేది చివరి మూడు మెట్ల మీదే. జాబితా ఖరారయ్యాక పెట్టిన సభ ఎంత సజావుగా జరిగినా నాలుగో మెట్టు దాటదని నా అభిప్రాయం.

ముందే పిలిస్తే ఏం తేడా వస్తుందో చూద్దాం. ఒక వీధికి కుళాయి ఉందని రికార్డులో నమోదై ఉంటుంది. అయినా నీళ్లు చాలడం లేదని అక్కడి నుంచి అర్జీలు వస్తూనే ఉంటాయి కనుక, కార్యాలయంలో కూర్చున్నవారు కొత్త పైపులైనుకు అంచనా వేస్తారు. ఆ వీధి ఆడవాళ్లను అడిగితే, నీళ్లు వదిలే వేళకు తాము పనికి వెళ్లిపోతామని, గంట ముందు వదిలితే చాలునని చెబుతారు. ఆ ఒక్క మాట అంచనా వేయకముందే వినిపిస్తే పైపులైను ఖర్చు మిగులుతుంది. టెండరు పిలిచిన తర్వాత వినిపిస్తే దాన్ని పట్టించుకునే నాథుడు ఉండడు.

బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరం 1989లో ఈ క్రమాన్నే మార్చింది. నగరాన్ని ప్రాంతాలుగా విభజించి, ఏటా బడ్జెట్ రాయకముందే ప్రతి ప్రాంతంలో బహిరంగ సభలు జరిపారు. అక్కడ మొదట గత ఏడాది ఒప్పుకున్న పనులు ఎంతవరకు వచ్చాయో పాలకవర్గం లెక్క చెప్పాల్సి వచ్చేది. ఆ తర్వాతే ప్రజలు కొత్త ప్రాధాన్యాలు నిర్ణయించి, బడ్జెట్ మండలిలో కూర్చునే తమ ప్రతినిధులను ఎన్నుకునేవారు. నిధుల పంపకంలో జనాభాను, సౌకర్యాల కొరతను, ఆ ప్రాంతం కోరిన ప్రాధాన్యాన్ని కలిపి లెక్కించే సూత్రం ఉండడంతో పలుకుబడి ఉన్న ప్రాంతమే అంతా లాక్కుపోవడం కష్టమైంది. ఆమోదించిన పనుల పట్టికను పుస్తకంగా అచ్చువేసి పంచారు కనుక ఎవరైనా తమ వీధి పనిని అందులో వెతికి చూసుకోగలిగారు. నీటి, మురుగునీటి కనెక్షన్లు 1988లో 75 శాతం ఇళ్లకు ఉండగా 1997 నాటికి 98 శాతానికి చేరాయని ప్రపంచ బ్యాంకు పేర్కొంది. అయితే పాలకవర్గాలు మారిన కొద్దీ ఆ ఉత్సాహం సన్నగిల్లి, 2017లో ఆ ప్రక్రియనే నిలిపివేశారు. నాకు ఎంతో బాధ కలిగించే విషయమిది.

కేరళలో 1996 ఆగస్టులో మొదలైన ప్రజా ప్రణాళిక ఉద్యమానిది మరో దారి. రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు అప్పగించాలని ముందే నిర్ణయించడం వల్ల గ్రామసభలో మాట్లాడే మాటకు బరువు వచ్చింది. వచ్చినవారిని వ్యవసాయం, విద్య, ఆరోగ్యం వంటి అంశాలవారీగా చిన్న బృందాలుగా కూర్చోబెట్టారు. వేదిక ముందు లేచి మాట్లాడటానికి జంకే మనిషి కూడా పదిహేను ఇరవై మంది మధ్య నోరు విప్పుతాడు.

ఎన్నికైన ప్రతినిధులు ఉండగా మళ్లీ ప్రజలను అడగడమెందుకని కొందరు వాదిస్తారు. తుది ఆమోదం ప్రతినిధులదే, అందులో సందేహం లేదు. కానీ ఐదేళ్లకొకసారి వేసే ఓటు ఏ మలుపులో వీధి దీపం లేదో చెప్పలేదు.

దక్షిణాఫ్రికా 2000లో చేసిన మునిసిపల్ వ్యవస్థల చట్టం చదవడం, రాయడం రానివారిని, వికలాంగులను, మహిళలను దృష్టిలో పెట్టుకుని భాగస్వామ్యాన్ని ఏర్పాటు చేయాలని మునిసిపాలిటీలను ఆదేశించింది. సభ వేళ, చోటు, వాడే భాష సరిగా లేకపోతే వీళ్లే ముందుగా తప్పుకుంటారు కాబట్టి ఇటువంటి నిబంధన చట్టంలోనే ఉండటం అవసరం.

ఇక, అడిగిన ప్రతి పనీ జరగదు. నిధులకు హద్దు ఉంది. జరగని పనికి కారణం రాతపూర్వకంగా చెబితే మనిషి మళ్లీ సభకు వస్తాడు, చెప్పకపోతే రాడు. అందుకే ఈసారి సభకు వెళ్లినప్పుడు ముందు గత ఏడాది తీర్మానాల ప్రతి అడగండి. ఏవి పూర్తయ్యాయి, ఏవి ఏ కారణంతో పక్కకు పోయాయో వరుసగా చదివించమని కోరండి. కొత్త జాబితా ఆ తర్వాతే మొదలవ్వాలి.