నాబ్ తిప్పడం తప్పు కాదు
(విజయవాడలో సంగీతాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పెద్దలందరినీ పేరుపేరునా తలుచుకుంటే భోజనాల వేళవుతుంది, మన్నించండి. ఇంట్లో పాటలు వినడానికి స్పీకర్లు ఎలా ఎంచుకోవాలో చెప్పమన్నారు. వీలైతే చెబుతాను. ముందు బేస్, ట్రెబుల్ నాబ్‌ల సంగతి మాట్లాడాలి, అంటే కింది బరువు శబ్దాల్నీ, పై సన్నని శబ్దాల్నీ పెంచి తగ్గించేవి. చాలాకాలంగా నా కడుపులో రగులుతున్న విషయం అది.

మా వీధిలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. కచేరీలంటే ప్రాణం. పిల్లలు పంపిన డబ్బుతో ఖరీదైన ఆంప్లిఫయర్ కొన్నారు. దానికి వాల్యూమ్ నాబ్ ఒక్కటే. ‘బేస్ తగ్గించేది ఎక్కడ బాబూ?’ అంటే, ‘ఇలాంటి సెట్లకు అవి ఉండవు సార్, పెడితే ప్యూరిటీ పాడైపోద్ది’ అన్నాడట షాపు కుర్రాడు. ఇంటికి తెచ్చి పెడితే మృదంగం మీద ఎడమచెయ్యి పడినప్పుడల్లా గదంతా బుయ్‌మంటోంది. మళ్లీ వెళ్తే కేబుళ్లు మార్చమన్నారు. పాపం, అవీ కొన్నారు. బుయ్ మాత్రం పోలేదు.

అయ్యా, ఆ గది పన్నెండడుగుల చదరం. కింద మార్బుల్, పైన శ్లాబు, గోడలకు ఒక్క గుడ్డముక్క లేదు. అంత దూరంలో ఉన్న ఎదురెదురు గోడల మధ్య దాదాపు 47 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 47 కంపనాల దగ్గర, దాని రెట్టింపు 94 దగ్గర శబ్దం పేరుకుపోతుంది. పొడవూ వెడల్పూ ఒకటే కాబట్టి రెండు జతల గోడలూ కలిసి అవే స్వరాలను ఊదరగొడుతున్నాయి. వేలు పోసి కొన్న తీగ గోడల్ని జరుపుతుందా?

నేను పారామెట్రిక్ ఈక్వలైజర్ అని, కావలసిన స్వరాల్నే ఎంచి పెంచి తగ్గించే పెట్టె ఒకటి పట్టుకెళ్లాను. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర, దాని చుట్టూ ఎంత వెడల్పున, ఎన్ని డెసిబెల్స్ (అది శబ్దం హెచ్చుతగ్గుల కొలత) మార్చాలో మూడూ విడివిడిగా పెట్టుకోవచ్చు. 94 దగ్గర సన్నగా 5 డెసిబెల్స్ కోశాం. మాస్టారు కుర్చీలో ముందుకు వంగి, ‘ఇప్పుడు ప్రతి దెబ్బా విడిగా వినపడుతోందండీ’ అన్నారు.

కోశాం అన్నాను, గమనించండి. పెంచడం వేరు. గదిలో కొన్నిచోట్ల బేస్ పూర్తిగా చచ్చిపోతుంది. అక్కడ తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎంత పెంచినా ఆ గుంట పూడదు. 10 డెసిబెల్స్ పెంచితే ఆంప్లిఫయర్ మీద పదింతల భారం పడుతుంది, అంతే. అలాంటప్పుడు కుర్చీ జరుపుకోండి.

ఇక ఈ ప్యూరిటీ మాట. మీ ఎల్పీ రికార్డు చెక్కేటప్పుడే బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి చెక్కుతారు. లేకపోతే రికార్డు మీది గాడులు వెడల్పైపోయి పాట నిడివి తగ్గిపోతుంది, సూది గరగర ఎక్కువవుతుంది. రికార్డు ప్లేయర్ నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ను పెంచే ఫోనో స్టేజి దాన్ని తిరగేస్తుంది: 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ పెంచి, 20 వేల దగ్గర అంతే తగ్గిస్తుంది. 1954లో ఈ కొలత స్థిరపడక ముందు కంపెనీకో పద్ధతి. మీ అటక మీది పాత రికార్డులు ఒక్కోటి ఒక్కోలా పలికేది అందుకే. నాబ్ లేకుండా వాటినేం చేస్తారు? పీటర్ బాక్సండాల్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు 1952లో టోన్ కంట్రోల్ సర్క్యూట్ ప్రచురించాడు. మధ్యలో పెడితే పాట తీరు మారదు, తిప్పితే కావలసినంత మారుతుంది. దశాబ్దాల పాటు ఎన్నో ఆంప్లిఫయర్లలో అదే ఉంది.

మన మృదంగ విద్వాంసులు కచేరీకి ముందు ఎడమ మూతకు రవ్వ ముద్ద అద్ది, కొట్టి చూసి, కొంచెం గీకి, మళ్లీ అద్ది శ్రుతి సరిచూసుకుంటారు. దాన్ని ఎవరైనా కల్తీ అన్నారా?

ఇంకో మాట. ఇంట్లో రాత్రిపూట అందరూ పడుకున్నాక సౌండు తగ్గించి వింటాం కదా. తగ్గించేకొద్దీ చెవికి బేస్ ముందుగా కరువవుతుంది. ఫ్లెచర్, మన్సన్ అనే అమెరికన్ పరిశోధకులు ఆ సంగతి 1933లోనే కొలిచి చూపించారు. అప్పుడు బేస్ కాస్త పెంచుకోవడం అవసరం. వయసు మీదపడ్డవాళ్లకు పైస్థాయిలు అందవు, స, శ, ష తేడా తెలియదు. అమ్మానాన్నలు ‘మాట స్పష్టంగా లేదురా’ అంటే విసుక్కోకండి, ట్రెబుల్ రెండు గీతలు పెంచి చూడండి.

స్పీకర్ల ఎంపికకు టైము లేదు. కొనేటప్పుడు మాత్రం బేస్, ట్రెబుల్ నాబ్‌లున్న సెట్టే అడగండి. లేదంటే బయటికొచ్చేయండి. ఇప్పుడు ఈ బల్ల మీది సెట్‌లో పాత రికార్డు ఒకటి వేస్తాం. మొదట నాబ్‌లు మధ్యలో ఉంచి, తర్వాత సరిచేసి. గోడవారన కూర్చున్నవాళ్లు కుర్చీలు కాస్త ముందుకు జరుపుకోండి, అక్కడ బేస్ ఎక్కువ వస్తుంది. బాబూ, ఆ ఫ్యాన్లు ఆపు.