గాడిదలు వెతకబోయి రాజైనవాడు

తమ్ముడు: నమస్తే అండీ. ఈ రోజు ఇశ్రాయేలీయుల మొదటి రాజు కథ. దావీదు అందరికీ తెలుసు కానీ, ముందు సౌలు కదా. అక్కా, అక్కడ మొదలుపెడదామా?

అక్క: సౌలు కంటే ముందు నాగలి కర్రు దగ్గర మొదలుపెడదాం రా.

తమ్ముడు: కర్రా?

అక్క: అవును. క్రీ.పూ. 11వ శతాబ్దం. వీళ్ళు కొండల్లో గోత్రాలుగా బతుకుతున్నారు. రాజు లేడు. ఆపదొస్తే ఎవరో ఒక న్యాయాధిపతి లేచి జనాన్ని పోగేస్తాడు, పని అయ్యాక ఎవరి పొలానికి వాళ్ళు. కింద సముద్రం వైపు ఫిలిష్తీయులు. గాజా, అష్కెలోను, అష్డోదు, ఎక్రోను, గాతు వాళ్ళ పట్టణాలు. కొండల్లో ఒక్క కమ్మరి కూడా లేకుండా చేశారట, కత్తులు చేసుకుంటారని. కర్రు పదును పెట్టించాలంటే శత్రువు ఊరికే వెళ్ళాలి.

తమ్ముడు: వాళ్ళేమో ఊరికే చేసిపెట్టరు!

అక్క: చెయ్యరు. కర్రుకి ఒక ‘పిమ్’. బైబిల్లోని సమూయేలు గ్రంథంలో ఈ మాట ఉంది, అర్థం చాలాకాలం ఎవరికీ తెలియలేదు. ఇంగ్లీషు పాత అనువాదంలో ఆకురాయి అని రాసేశారు. తర్వాత తవ్వకాల్లో చిన్న చిన్న తూకపు రాళ్ళు దొరికాయి, వాటి మీద ‘పిమ్’ అని చెక్కి ఉంది. బరువు సుమారు 7.8 గ్రాములు. అంటే అది కూలి రేటు, షెకెలు అనే అప్పటి తూకంలో మూడింట రెండు వంతుల వెండి.

తమ్ముడు: అందుకా రాజు కావాలన్నది?

అక్క: అదొకటి. ఇంకోటి, అప్పటి న్యాయాధిపతి, ప్రవక్త సమూయేలు ముసలివాడయ్యాడు. కొడుకులు యోవేలు, అబీయా బెయేర్షెబాలో తీర్పులు చెప్తూ లంచాలు తిన్నారు. పెద్దలు రామాకి వచ్చి, అందరికీ ఉన్నట్టే మాకూ రాజు కావాలన్నారు. సమూయేలు వద్దన్నాడు. మీ కొడుకుల్ని రథాల ముందు పరిగెత్తిస్తాడు, కూతుళ్ళని వంటకి తీసుకెళ్తాడు, మంచి పొలాలు తన మనుషులకిస్తాడు, పంటలో పదో వంతు పట్టుకుపోతాడు, గాడిదల్నీ వదలడు అన్నాడు. పక్కన ఈజిప్టులో రాజు ఫరో అంటే దేవుడే. వీళ్ళేమో రాజు రాకముందే రాజు మీద ఫిర్యాదు రాసిపెట్టుకున్నారు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది అదే.

తమ్ముడు: చెట్ల కథ కూడా ఉంది కదా?

అక్క: అది బైబిల్లోనే న్యాయాధిపతుల గ్రంథంలోది. చెట్లు రాజుని వెతుక్కుంటాయి. ఒలీవ, అంజూరం, ద్రాక్ష మాకు పనుందంటాయి. చివరికి ముళ్ళపొద ఒప్పుకుని, రండి నా నీడలోకి అంటుంది. ముళ్ళపొదకి నీడేంట్రా!

తమ్ముడు: సరే, సౌలు సంగతి?

అక్క: తండ్రి కీషు గాడిదలు తప్పిపోయాయి. పనివాణ్ణి తీసుకుని ఊళ్ళు తిరిగాడు. దొరకలేదు. దీర్ఘదర్శిని అడుగుదామంటే ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. పనివాడి దగ్గర పావు షెకెలు ఉంది, దాంతో బయల్దేరారు. ఆ దీర్ఘదర్శే సమూయేలు. నువ్వే రాజువని గుర్తుగా సౌలు తల మీద నూనె పోసి పంపాడు. తర్వాత మిస్పాలో చీట్లు వేస్తే సౌలు పేరొచ్చింది, మనిషి లేడు. సామాన్లలో దాక్కున్నాడు! లాక్కొచ్చి నిలబెడితే జనమంతా అతని భుజం దాకానే.

తమ్ముడు: అంత పొడుగు మనిషి ఎలా దాక్కున్నాడో! ఇదంతా నిజమేనా అక్కా?

అక్క: సౌలు పేరు ఆ కాలపు శాసనాల్లో ఎక్కడా దొరకలేదు. దావీదు వంశం పేరు మాత్రం 1993లో ఉత్తర ఇజ్రాయెల్‌లోని తేల్ దాన్‌లో బయటపడిన రాతి మీద ఉంది. సౌలు నూనెతో ఒకసారి, చీట్లతో ఒకసారి, యుద్ధం గెలిచాక గిల్గాలులో ఇంకోసారి రాజవుతాడు. వేర్వేరు కథల్ని తర్వాత ఎవరో కలిపి కుట్టారని చాలామంది పండితుల మాట. నాకూ కుట్లు కనిపిస్తూనే ఉంటాయి.

తమ్ముడు: ఇంతకీ గాడిదలు దొరికాయా?

అక్క: దొరికాయి, సౌలు ఇంటికి రాకముందే. చిన్నాన్న ఎదురొచ్చి, సమూయేలు ఏమన్నాడ్రా అని అడిగాడు. గాడిదలు దొరికాయన్నాడు అని చెప్పి ఊరుకున్నాడు. రాజయ్యానని చెప్పలేదు.