పావుతక్కువ ఐదు

శ్రోతలకు నమస్కారం.

ఏటా అక్టోబరు 29న ప్రపంచ స్ట్రోక్ దినం. స్ట్రోక్ అంటే పక్షవాతం. ఆ రోజు పొద్దున్నే టీషర్టులు, నడకలు, బ్యానర్లు. బ్యానరు మీద నాలుగు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. ఎఫ్, ఏ, ఎస్, టీ. ఫేస్, ఆర్మ్, స్పీచ్, టైమ్. ఇంగ్లీషు వచ్చినవాళ్లకి అది బాగానే గుర్తుంటుంది. కానీ ఇంట్లో పెద్దాయనకి పక్షవాతం వచ్చిన క్షణాన పక్కన ఉండేది వాళ్లావిడో, పనిమనిషో, కింద వాటాలో పిన్నిగారో. అందుకని మన మాటల్లోనే పెట్టుకుందాం. మూతి, చెయ్యి, మాట, టైము.

మనిషిని నవ్వమనండి. మూతి ఒక పక్కకి లాగుతుందా? రెండు చేతులూ ముందుకి చాపి, కళ్లు మూసుకుని పది లెక్కపెట్టమనండి. ఒక చెయ్యి కిందికి జారుతుందా? చిన్న మాట ఏదైనా అనమనండి, "రేపు బెజవాడ వెళ్లాలి" అని. ముద్దముద్దగా వస్తుందా, అసలు మీరన్నది ఆయనకి అర్థమే కావట్లేదా? ఈ మూడిట్లో ఒక్కటి ఉన్నా చాలు, బయల్దేరాల్సిందే. ఉన్నట్టుండి తూలిపోవడం, ఒక కన్ను కనపడకపోవడం, ఒకటి రెండుగా కనపడటం, ఇవీ అందులోకే వస్తాయి.

మూతి, చెయ్యి, మాట, ఈ మూడూ జనానికి కొంతవరకు ఎక్కాయి. ఎక్కనిది నాలుగోది. టైము అంటే త్వరపడమని అర్థం చెప్పుకుంటాం. అదీ నిజమే. ఆస్పత్రిలో మాత్రం ఆ మాటకి గడియారంలో అంకె కావాలి. ఈ మనిషి ఆఖరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకి? ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క అంకె గురించే.

ఎందుకంటే, మెదడుకి వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డం పడితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది. దీని మీద గట్టి రుజువు 1995లో అమెరికా అధ్యయనంతో వచ్చింది. అప్పుడు గడువు 3 గంటలు. 2008లో ఐరోపా అధ్యయనం దాన్ని నాలుగున్నర గంటలకి పెంచింది. ఆ గడువు లెక్క మొదలయ్యేది మీరు చూసిన క్షణం నుంచి కాదండీ, ఆయన ఆఖరిసారి బాగున్న క్షణం నుంచి.

ఒక ఇల్లు ఊహించుకుందాం. గుంటూరు కొత్తపేటలో మేడ మీద వాటా. ఆయనకి యాభై ఎనిమిదేళ్లు, మిర్చి యార్డులో గుమస్తా. ఆరున్నరకి భార్య కాఫీ తెచ్చి లేపితే మూతి వంకర, కుడి చెయ్యి లేవట్లేదు, మాట లేదు. కోడలు ఆరూ ముప్పై ఐదుకి 108కి ఫోన్ చేసింది. మంచి పని చేసింది. ఏడూ పదికి ఆస్పత్రిలో ఉన్నారు. డ్యూటీ డాక్టర్ మొదట అడిగేది ఇదే. "ఆఖరిసారి బాగా ఉండగా ఎప్పుడు చూశారమ్మా?"

"రాత్రి పదింటికి పడుకున్నారండి. లేచేసరికి ఇలా ఉన్నారు."

చూడండి, ఈ జవాబులో అబద్ధం లేదు. కానీ దీనితో లెక్క రాత్రి పదింటి నుంచి మొదలవుతుంది. తొమ్మిది గంటలు దాటిపోయింది. గడువు అయిపోయింది. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు ఐదుగురికి ఒకరు ఇలా నిద్రలేచేసరికి పడిపోయినవాళ్లే. ఎమ్మారై తీసి పక్షవాతం ఎప్పుడు మొదలైందో కొంత అంచనా వేయవచ్చు, కానీ తెల్లారుజామున అది అన్నిచోట్లా దొరకదు.

ఇంకో ప్రశ్న అడిగే డాక్టర్ అయితే అక్కడ ఆగరు. "మధ్యలో లేవలేదా? బాత్రూముకి వెళ్లలేదా? ఎవరితోనూ మాట్లాడలేదా?" అప్పుడు కోడలికి గుర్తొస్తుంది. "మునిసిపల్ నీళ్లు వస్తే మామయ్యేనండీ మోటారు వేసేది. ఇవాళ ట్యాంకు నిండింది కూడా." కింద వాటా పిన్నిగారికి ఫోన్ చేస్తారు. ఆవిడ అంటుంది, "ఆఁ, పావుతక్కువ ఐదుకి మెట్లు దిగి వచ్చి, 'పిన్నిగారూ నీళ్లొచ్చాయి, బిందెలు పెట్టుకోండి' అని పిలిచాడుగా."

ఆ ఒక్క వాక్యంలో ఎంత ఉందో చూడండి. మెట్లు దిగాడు, అంటే కాలు పనిచేస్తోంది. స్విచ్ వేశాడు, చెయ్యి పనిచేస్తోంది. వాక్యం పూర్తిగా అన్నాడు, మాట బాగుంది. పావుతక్కువ ఐదుకి మనిషి బాగున్నాడు. ఇప్పుడు గడువు తొమ్మిదింబావు దాకా ఉంది.

ఏడూ ఇరవై ఐదుకి తలకి సీటీ స్కాన్. అందులో రక్తస్రావం లేదు. ఏడూ యాభైకి ఇంజెక్షన్. ఆల్టెప్లేస్ అనే మందైతే కిలోకి 0.9 మిల్లీగ్రాములు. ఆయన 70 కిలోలు, కాబట్టి 63 మిల్లీగ్రాములు. అందులో పదో వంతు, 6.3, మొదటి నిమిషంలో వేస్తారు. మిగతా 56.7 గంటసేపు పంపు మీద మెల్లగా. టెనెక్టెప్లేస్ అనే ఇంకో మందు ఒకే దెబ్బలో ఇచ్చేస్తారు. పెద్దాస్పత్రికి తరలించాల్సినవాళ్లకి పంపు గొడవ లేకుండా అది వీలుగా ఉంటుంది.

ఇంజెక్షన్ వేసినవాళ్లంతా లేచి నడుస్తారని నేను చెప్పను. 1995 అధ్యయనంలోనే వందలో ఆరుగురికి మెదడులో రక్తస్రావమై పరిస్థితి విషమించింది. అయినా మూడు నెలల తర్వాత ఎవరి పని వాళ్లు చేసుకునే స్థితికి వచ్చినవాళ్లు, మందు పడనివాళ్లలో కంటే పడినవాళ్లలోనే ఎక్కువ. ఇంకో మాట. నాలుగున్నర గంటలంటే అది ఆఖరి బస్సు. ముందు బస్సు ఉండగా ఆఖరి బస్సు దాకా కూర్చోకూడదు. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు పోతాయని లెక్క వేశారు. అలాంటి పెద్ద గడ్డని తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి లాగేసే పద్ధతి కూడా ఉంది. 2015 నుంచి దానికి బలమైన ఆధారాలున్నాయి. మామూలుగా ఆరు గంటల్లోపు, ఎంపిక చేసిన కొందరికి 24 గంటల దాకా. అది చేసే చోట్లు తక్కువ.

ఇక దారిలో జరిగే పొరపాట్లు. వీధి చివర క్లినిక్‌కి తీసుకెళ్తారు, అక్కడి డాక్టరు సెలైన్ పెట్టి, బీపీ 190 ఉందని నాలుక కింద మాత్ర పెడతారు. గడ్డ చుట్టూ ఉన్న మెదడు ఆ కాస్త ఒత్తిడితోనే ఊపిరి పట్టుకుని ఉంటుంది. బీపీ ఒక్కసారి పడిపోతే ఆ భాగం కూడా పోతుంది. ఇంజెక్షన్ వేయాలంటే బీపీ 185/110 లోపు ఉండాలి, నిజమే. కానీ దాన్ని నరంలోకి ఇచ్చే మందుతో, చూసుకుంటూ, ఆస్పత్రిలోనే తగ్గించాలి. గొంతు కండరాలు పట్టు తప్పినప్పుడు నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి నెమ్ము చేస్తుంది. ఆస్పిరిన్ వేస్తారు కొందరు, గుండెపోటుకి వేస్తారు కదా అని. ఇది గడ్డా, రక్తస్రావమా అన్నది సీటీ తీస్తేనే తెలుస్తుంది. రక్తస్రావమైతే ఆస్పిరిన్ నిప్పుకి ఆజ్యం. పావురం రక్తం పూయడం, పసరు మందు కోసం ఊళ్లు తిరగడం, వీటి మీద కోప్పడి లాభం లేదు. ఆ ప్రయాణంలో పోయేది నాలుగున్నర గంటలూనూ అని మాత్రం చెబుతాను.

ఇంట్లో చేయదగ్గ పరీక్ష ఒకటుంది. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవారైతే గ్లూకోమీటరుతో ఒక చుక్క చూడండి. షుగరు బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే మాట పడిపోతుంది, చెయ్యి పడిపోతుంది. చూసిన అంకె 108 వాళ్లకి చెప్పండి. దానికోసం బయల్దేరడం ఆపకండి.

ఆస్పత్రుల వైపు కూడా ఒక మాట అనాలి. బ్యానరు చూసి జనం వేళకి వచ్చినా, లోపల సీటీ టెక్నీషియన్ రాత్రిపూట లేకపోతే ఏం లాభం? మందు క్యాజువాల్టీ ఫ్రిజ్‌లోనో బీరువాలోనో సిద్ధంగా ఉండాలి. చీటీ రాసిచ్చి బయట కొనుక్కు రమ్మంటే అరగంట పోతుంది. గుమ్మం నుంచి సూది దాకా గంటలోపు అన్నది ప్రపంచమంతా పెట్టుకున్న లక్ష్యం. ప్రచారానికి పెట్టే ఖర్చులో కొంత ఆ రాత్రి డ్యూటీకి పెడితే బాగుంటుందని నా అభిప్రాయం. ఆ తర్వాత నోట్లోంచి ఏదైనా ఇచ్చేముందు చెంచాడు నీళ్లతో మింగగలడో లేదో పరీక్షించే నర్సు, పడిపోయిన చెయ్యి పట్టి లాగకూడదని ఇంట్లోవాళ్లకి నేర్పే ఫిజియోథెరపిస్టు కూడా ఉండాలి. సూది వేసినవాళ్లకైనా, వేయనివాళ్లకైనా వీళ్లు కావాలి.

మళ్లీ ఆ అంకె దగ్గరికే వస్తాను. గుర్తుకు రాకపోతే ఫోన్ చూడండి. ఆఖరి కాల్ ఎన్నింటికి మాట్లాడారు, పాలవాడికి ఫోన్‌పే ఎన్నింటికి కొట్టారు, వాట్సాప్‌లో ఏం టైపు చేశారు. కంగారులో ఏదీ నోటికి రాదు, అందుకని 108 వచ్చేలోపు కాగితం మీద రాయండి. చూసినవాళ్లనే అంబులెన్సు ఎక్కించండి, లేదా వాళ్ల నంబరు రాయండి. కొత్తపేట ఇంట్లో కోడలు పాల ప్యాకెట్ చీటీ వెనక రాస్తే ఇలా ఉండేది: "ఉదయం 4:45, మోటారు వేశారు, పిన్నిగారితో బాగా మాట్లాడారు. 6:30కి చూశాం. షుగరు 142. బీపీ మాత్ర నాలుగు రోజులుగా మానేశారు. రక్తం పలచబడే మాత్రలు లేవు. ఈమధ్య ఆపరేషన్లేవీ కాలేదు. పిన్నిగారి నంబరు వెనక ఉంది."

నమస్కారం.