వీఎల్‌సీని తీసేయమన్న ఆ వారం

[తెర మీద: నారింజ, తెలుపు చారల ట్రాఫిక్ కోన్ గుర్తు]

2019 జూలై. చాలా వార్తా సైట్లలో ఒకే హెచ్చరిక: "మీ కంప్యూటర్లోంచి వీఎల్‌సీ ప్లేయర్‌ను వెంటనే తీసేయండి." జర్మనీ ప్రభుత్వ సైబర్ భద్రతా బృందం సెర్ట్-బండ్ ఈ వీడియో ప్లేయర్‌కు సంబంధించిన ఒక భద్రతా లోపం గురించి ప్రకటన ఇచ్చింది. అమెరికా జాతీయ లోపాల జాబితా దాని తీవ్రతకు పదికి 9.8 వేసింది. లోపం ఉన్న మాట నిజమే. అయితే అది ఎక్కడ ఉందో చూడకుండానే వార్త ఊరంతా తిరిగింది.

ముందుగా, ఒక సినిమా ఫైలు కంప్యూటర్‌కు హాని ఎలా చేయగలదో చూద్దాం.

[తెర మీద: దుకాణంలో వరుసగా పేర్చిన బియ్యం బస్తాలు]

ఆ లోపం బయటపడింది ఎంకేవీ అనే రకం వీడియో ఫైళ్లతో. ఎంకేవీ అసలు పేరు మత్రోస్కా. రష్యాలో ఒకదానిలో ఒకటి ఇమిడే చెక్క బొమ్మల పేరు మీద పెట్టారు. ఫైలు నిర్మాణమూ అలాంటిదే: డబ్బాలో డబ్బా, దానిలో మరో డబ్బా. ప్రతి డబ్బా మీద రెండు వివరాలుంటాయి. లోపల ఏముంది, ఎంత ఉంది. ప్లేయర్ ఆ రెండూ చదువుకుంటూ ముందుకు వెళుతుంది.

ఇక్కడే చిక్కు. ఆ "ఎంత" అన్న అంకెను రాసింది ఫైలు తయారుచేసినవారు. బస్తా మీద యాభై కిలోలని రాసి, లోపల పది కిలోలే పోశారనుకోండి. అంకెను నమ్మి కొలిచే మనిషి పది కిలోలు అయిపోయాక కూడా ఆపడు. పక్క బస్తాలో చెయ్యి పెడతాడు. కంప్యూటర్ మెమరీలో ఆ పక్క బస్తా ఈ ఫైలుది కాదు. అలా హద్దు దాటి చదివితే తరచుగా ప్లేయర్ ఆగిపోతుంది. హద్దు దాటి రాయగలిగితే మాత్రం దాడి చేసేవాడు తన సొంత కోడ్‌ను నడిపించే దారి దొరకవచ్చు. 2019 నాటి లోపం మొదటి రకానిది.

[తెర మీద: రెండు పెట్టెలు. ఒకదాని మీద "వీఎల్‌సీ", రెండోదాని మీద "లిబ్‌ఈబీఎంఎల్"]

పైగా ఆ లోపం వీఎల్‌సీ సొంత కోడ్‌లో లేదు. ఈ డబ్బాలను విప్పి చదివే లిబ్‌ఈబీఎంఎల్ అనే వేరే లైబ్రరీలో, అంటే ప్లేయర్ అరువు తెచ్చుకుని వాడే కోడ్‌లో, ఉంది. దాన్ని అప్పటికి 16 నెలల ముందే సరిచేశారు. వీఎల్‌సీ 3.0.3 నుంచి సరిచేసిన లైబ్రరీతోనే వస్తోంది. లోపాన్ని నివేదించిన వ్యక్తి వాడుతున్నది లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు, దాని 18.04 వెర్షన్. అందులో పాత లైబ్రరీయే మిగిలి ఉంది. వీఎల్‌సీని తయారుచేసే వీడియోలాన్ బృందం ఈ సంగతి బయటపెట్టాక 9.8 కాస్తా 5.5కు దిగింది.

నాకు బాధ కలిగించేది ఇది: అంతకు ఒక నెల ముందే, జూన్‌లో, వీఎల్‌సీ 3.0.7 వచ్చింది. లోపాలు కనిపెట్టినవారికి ఐరోపా కమిషన్ డబ్బుతో బహుమతులిచ్చిన కార్యక్రమం వల్ల, ఆ ఒక్క విడుదలలో ముప్పైకి పైగా నిజమైన భద్రతా లోపాలు సరయ్యాయి. తప్పనిసరిగా అప్‌డేట్ చేసుకోవాల్సిన సందర్భం అది. దానికి ఇంత గొడవ లేదు.

[తెర మీద: భారతదేశ పటం, తెరుచుకోని వెబ్‌సైటు]

మన దేశంలో కథ ఇంకో మలుపు తిరిగింది. 2022 ఫిబ్రవరి నుంచి వీడియోలాన్ సైటు ఇక్కడ చాలా నెట్‌వర్కుల్లో తెరుచుకోలేదు. ఆ ఏడాది నవంబరులో నిషేధం ఎత్తేశారు. అసలు తలుపు మూస్తే జనం ప్లేయర్ వాడడం మానరు, దొరికిన సైటు నుంచి దించుకుంటారు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే సైబర్ భద్రతా సంస్థ సిమాంటెక్ పరిశోధకులు సికాడా అనే దాడి ముఠా గురించి చెప్పారు. ఆ ముఠా తాను చొరబడిన కంప్యూటర్లలో అసలు వీఎల్‌సీ ప్రోగ్రామునే వాడుకుని, దాని ద్వారా తన హానికర ఫైలును నడిపించింది. అక్కడ ప్లేయర్ కోడ్‌లో తప్పు వెతికినా దొరకదు. అందుకే ఆ నెలల్లో తెలియని చోటి నుంచి దించుకున్న కాపీలే నన్ను ఎక్కువ భయపెడతాయి.

[తెర మీద: వీఎల్‌సీ సహాయం మెనూ]

మీ ప్లేయర్‌లో సహాయం మెనూ తెరిచి వెర్షన్ సంఖ్య చూడండి. 2022లో ఏదో సైటు నుంచి దించుకున్నదైతే తీసేసి, వీడియోలాన్ సొంత సైటు నుంచి కొత్తది పెట్టుకోండి. లినక్స్ వాడేవారు ప్లేయర్ ఒక్కటే కాకుండా సిస్టమ్ మొత్తాన్నీ అప్‌డేట్ చేయండి. ఉబుంటు 18.04లో పాతబడి ఉండిపోయింది ఆ లైబ్రరీయే.