షార్మియన్ క్లిఫ్ట్ గడిపిన చలికాలాలు

సభకు నమస్కారం.

గ్రీకు ద్వీపం అనగానే మన మనసులో మెదిలే బొమ్మ ఒక్కటే. సున్నం వేసిన తెల్లటి ఇళ్లు, నీలం తలుపులు, ఎండకు మిలమిలలాడే సముద్రం. ఆ బొమ్మలో ఏడాది పొడుగునా జులై నెలే. అలాంటి చోట ఒక రచయిత కాపురం పెట్టారంటే పొద్దున్నే ఈత, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం రేవు ఒడ్డున ద్రాక్షసారా, వీటి మధ్య తీరిక దొరికితే ఓ నవల అని ఊహించుకుంటాం. నేను మాట్లాడదలచుకున్నది ఆ బొమ్మలోకి రాని నెలల గురించి. నవంబరు నుంచి మార్చి దాకా పడవలు రాని రోజులు, గోడలకు చెమ్మ ఊరే రోజులు, బొగ్గులు నిండుకునే రోజులు. పరాయి దేశం నుంచి వచ్చి ద్వీపంలో బతికిన రచయితల పనిని అంచనా కట్టాలంటే ఆ నెలల్లో ఇల్లు ఎలా నడిచిందో, ఎవరు నడిపారో చూసి తీరాలని నా పట్టుదల. ఆ దృష్టితోనే ఆస్ట్రేలియా రచయిత్రి షార్మియన్ క్లిఫ్ట్ గురించి చెబుతాను.

ఆమె 1923లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ తీరాన, కయామా అనే చిన్న ఊళ్లో పుట్టారు. భర్త జార్జ్ జాన్‌స్టన్ రెండో ప్రపంచ యుద్ధ వార్తలు రాసి పేరు తెచ్చుకున్న పాత్రికేయుడు. 1951 నుంచి లండన్‌లో ఒక ఆస్ట్రేలియా వార్తాసంస్థ కార్యాలయం బాధ్యత ఆయనది. మంచి జీతం, మంచి హోదా. 1954 చివర్లో ఆ ఉద్యోగం వదిలేసి, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని ఇద్దరూ గ్రీసు వెళ్లిపోయారు.

ఎందుకు గ్రీసే? అక్కడ అంతర్యుద్ధం 1949లో ముగిసింది. 1953లో ప్రభుత్వం తన నాణెం ద్రాక్మా విలువను సగానికి తగ్గించి డాలరుకు 30,000 ద్రాక్మాలు చేసింది. విదేశీ డబ్బు చేతిలో ఉన్నవాళ్లకు ఆ దేశం ఒక్కసారిగా చవకైపోయింది. కళాకారుల స్వేచ్ఛ గురించి ఎన్ని కథలు చెప్పుకున్నా, ఆ దశాబ్దంలో విదేశీ రచయితలు గ్రీకు దీవులకు చేరడానికి ఈ మారకపు రేటు ఒక పెద్ద కారణం. దీన్ని దాచి మిగతాది చెప్పడం నాకు ఇష్టం లేదు. అక్కడివాళ్ల లేమి వీళ్లకు వెసులుబాటు అయింది. క్లిఫ్ట్ రచనల్లో నేను గౌరవించేది ఏమిటంటే, ఆమె తన ఇరుగుపొరుగు బతుకును ఆ వెసులుబాటు కళ్లతో చూసి ఊరుకోలేదు.

వాళ్లు మొదట దిగింది కలిమ్నోస్‌లో, అదీ నడి చలికాలంలో. టర్కీ తీరానికి దగ్గరగా ఉండే రాతి ద్వీపం అది. 1912 నుంచి ఇటలీ ఏలుబడిలో ఉండి 1948లో గానీ గ్రీసులో కలవలేదు. సాగుకు పనికొచ్చే నేల తక్కువ. మగవాళ్లు సముద్రం అడుగుకు దిగి స్పాంజి కోసుకొచ్చి బతికేవారు. ఆ డైవర్లను ఆస్ట్రేలియాలోని డార్విన్‌కు, ముత్యపు చిప్పల పనికి పంపే ఆలోచన ఒకటి అప్పట్లో నడుస్తుండేది. ఆ సంగతిలో నవలకు సరిపడే కథ ఉందని ఈ దంపతులకు తోచింది.

ఈస్టర్ పండుగ కాగానే పడవలు ఆఫ్రికా ఉత్తర తీరానికి, లిబియా, ఈజిప్టుల వైపు బయలుదేరేవి. శరదృతువులో గానీ తిరిగి వచ్చేవి కావు. ఏటా సగం కాలం ఊళ్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలే ఎక్కువగా ఉండేవారు. బయలుదేరే ముందు డైవర్లకు ‘ప్లాతికా’ అనే బయానా ముట్టేది. పాత అప్పులు తీర్చడానికి, మనిషి తిరిగి వచ్చేదాకా ఇల్లు గడవడానికి ఆ డబ్బే ఆధారం. శ్రీకాకుళం తీరం నుంచి అడ్వాన్సు పుచ్చుకుని గుజరాత్‌లోని వెరావల్ పడవల మీదికి నెలల తరబడి వెళ్లే మత్స్యకారుల ఇళ్లు తెలిసినవారికి ఈ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు.

చలికాలం వాళ్లంతా ఇళ్లకు చేరే కాలం. పెళ్లిళ్లు, బాప్తిస్మాలు అప్పుడే. కాఫీ దుకాణాలు మగవాళ్లతో కిటకిటలాడేదీ, వేసవి సంపాదన కరిగిపోయేదీ అప్పుడే. జనవరి 6న పూజారి రేవులో శిలువను నీళ్లలోకి విసిరితే, దాన్ని అందుకోవడానికి యువకులు ఆ చలి నీళ్లలోకి దూకుతారు. కాళ్లు ఈడ్చుకుంటూ నడిచేవాళ్లు వీధుల్లో కనిపించేది కూడా అప్పుడే. ఎక్కువ లోతు నుంచి వేగంగా పైకి వస్తే రక్తంలో కరిగి ఉన్న నైట్రోజన్ బుడగలు కట్టి నరాలను దెబ్బతీస్తుంది. 19వ శతాబ్దం రెండో సగంలో రాగి శిరస్త్రాణంతో కూడిన డైవింగ్ దుస్తులు వచ్చాక మనుషులు మరింత లోతులో, మరింత సేపు ఉండగలిగారు. ఆ మేరకు అవిటివాళ్లూ పెరిగారు. ఆ ద్వీపంలో ‘మిహానికోస్’ అనే నృత్యం ఉంది. చేతులు కలిపి వరసకట్టి ఆడుతుండగా ముందున్నవాడు చేతికర్ర ఊతంగా, వణికే కాళ్లతో అడుగు వేయడానికి అవస్థ పడతాడు. అతను ఆడేది పక్షవాతం వచ్చిన డైవరు పాత్ర. కాసేపటికి కర్ర పక్కన పెట్టి ఒకప్పటి మనిషిలా ఆడతాడు, మళ్లీ కర్ర అందుకుంటాడు.

ఆ అనుభవంలోంచి వచ్చిన క్లిఫ్ట్ పుస్తకం ‘మెర్మెయిడ్ సింగింగ్’ 1956లో అచ్చయింది. ఆ పుస్తకం బలం చాలావరకు ఆమె వెళ్లిన రుతువులోనే ఉందని నా అభిప్రాయం. జూన్‌లో దిగి ఉంటే మగవాళ్లు లేని ఊరే ఆమెకు కనిపించేది. తాగి గొంతెత్తి పాడేవాడు, ఏప్రిల్ గుర్తొచ్చి మాట మధ్యలో ఆపేసేవాడు, పెనిమిటి ఇంట్లో ఉన్న ఈ కొద్ది నెలల్లోనే ఏడాది కాపురమంతా సర్దుకోవలసిన ఇల్లాలు కనిపించేవాళ్లు కారు.

1955లో వాళ్లు హైడ్రా ద్వీపానికి మారారు. మరుసటి ఏడాది అక్కడే ఒక బావి పక్కన ఇల్లు కొన్నారు. మూడో బిడ్డ పుట్టిందీ ఆ ఏడాదే. హైడ్రాలో అప్పుడు మోటారు బండ్లు తిరిగేవి కావు, ఇప్పటికీ చెత్త బండ్ల వంటివి తప్ప తిరగవు. రాతి మెట్ల దారుల్లో బరువులన్నీ గాడిదలు, కంచర గాడిదల మీదే. ఒకప్పటి ఓడల యజమానులు కట్టిన మేడలు అక్కడ చాలా ఉన్నాయి. మందపాటి రాతి గోడలు, ఎత్తైన కప్పులు, బండరాళ్లు పరిచిన నేల. వేసవిలో ఆ ఇళ్లు చల్లగా, హాయిగా ఉంటాయి. జనవరిలో ఆ హాయే శత్రువు. అంకెల్లో చూస్తే అక్కడి చలి పెద్దది కాదు, పగలు 12, 14 డిగ్రీల దగ్గర ఉంటుంది. కానీ వాన పడుతున్న వారంలో ఆ రాళ్లు చెమ్మ పట్టి ఆరవు. పరుపు తడిగా తగులుతుంది. కాగితం మెత్తబడుతుంది. టైపురైటర్ మీద వేళ్లు కొయ్యబారుతాయి.

ఆ చలికి అప్పటి ఇళ్లలో ఉన్న విరుగుడు కుంపటి. ‘మంగాలి’ అంటారు. దాన్ని రాజేసేది ఇంటి బయట, గాలికి. బొగ్గు వదిలే విషవాయువు గదిలో నిండితే మనుషులు నిద్రలోనే పోతారు; ఎర్రబడ్డాక కూడా ఆ ముప్పు పూర్తిగా పోదు, నల్లగా ఉండగా మరీ ఎక్కువ. అందుకని నిప్పంతా ఎర్రబడేదాకా విసురుతూ కాచుకోవాలి, పొగ పూర్తిగా పోయాక లోపలికి తేవాలి, వేడి నిలవడానికి పైన సన్నటి బూడిద కప్పాలి. ఇంత చేశాక అది పాదాలను వెచ్చబరుస్తుంది, గదిని కాదు. వాన పడుతున్న ఉదయం, పిల్లలను బడికి పంపవలసిన వేళ, ఈ పని చేస్తున్న మనిషి మనసులో ఒక వాక్యం సగంలో ఆగి ఉందని ఊహించుకోండి. రచయిత దినచర్య గురించి రాసేవాళ్లు ఏ గంటకు లేచారు, ఎన్ని పేజీలు రాశారు అని రాస్తారు. కుంపటి ఎవరు రాజేశారని రాయరు.

ఆ వానే మళ్లీ ఇంటికి ప్రాణాధారం. హైడ్రా నీటి ఎద్దడి ఉన్న ద్వీపం. ఇంటి కప్పు మీద పడిన వాన గొట్టాల గుండా నేల కింద కట్టిన పెద్ద తొట్టిలోకి చేరుతుంది. వానాకాలానికి ముందే కప్పు ఊడ్చి శుభ్రం చేసుకోవాలి. మొదటి వానను బయటికి వదిలేసి, దుమ్మంతా కొట్టుకుపోయాక తొట్టి దారి తెరవాలి. ఆ నెలల్లో పట్టుకున్న నీళ్లే ఎండాకాలంలో గిన్నెలకు, బట్టలకు, స్నానానికి. ఆగస్టులో వచ్చే అతిథి ఒళ్లు కడుక్కునే చెంబెడు నీళ్లు ఫిబ్రవరిలో ఎవరో జాగ్రత్తగా పట్టి ఉంచినవి.

జనవరి నడుమ కొన్ని రోజులు గాలి పూర్తిగా పడిపోయి, ఎండ వెచ్చగా కాస్తుంది. గ్రీకులు వాటిని ‘ఆల్కియోనిడెస్’ రోజులంటారు. దుప్పట్లన్నీ మేడ మీదికి, పిల్లలు వీధిలోకి, రాసుకునేవాళ్లు కుర్చీతో సహా వాకిట్లోకి చేరతారు. ఆ రోజులను నమ్మి ఏ పనీ పెట్టుకోలేం. మర్నాడే గాలి మళ్లీ లేస్తుంది.

గాలి లేస్తే పడవ రాదు. ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులోనే ఆగిపోతుంది. పడవతో పాటు ఆగేవి పిండి, కిరసనాయిలు, ఉత్తరాలు. రాతప్రతిని కార్బన్ నకళ్లతో టైపు చేసి లండన్‌కో న్యూయార్క్‌కో పంపి, జవాబు కోసం, చెక్కు కోసం వారాల తరబడి ఎదురుచూసే ఇంటికి ఆ పడవే జీతం. అందుకే మధ్యాహ్నం పడవ వేళకు విదేశీయులంతా రేవులోని కత్సికాస్ సోదరుల కిరాణా కొట్టు దగ్గర చేరేవారు. బస్తాలు, డబ్బాల పక్కన బల్లలు వేసి ఉండేవి. తర్వాతి కాలంలో ఆ బల్లల చుట్టూ బోలెడు కథలు అల్లారు. నాకు ఆ కొట్టులో అన్నిటికన్నా ముఖ్యమనిపించేది అరువు పద్దు. చెక్కు వచ్చేదాకా క్లిఫ్ట్ ఇంటికి నూనె, పప్పులు, సబ్బు అరువు మీద ఇచ్చింది ఆ కొట్టే. ఆస్ట్రేలియా సాహిత్య చరిత్రలో ఆ దుకాణదారుల ఓర్పుకు ఒక పేజీ దక్కాలి. ఇది అతిశయోక్తిగా అనడం లేదు.

1956లో హాలీవుడ్ బృందం సోఫియా లోరెన్‌తో సినిమా తీయడానికి హైడ్రా వచ్చింది. ఆ తర్వాత వేసవి జనం పెరుగుతూ పోయారు. 1960లో కెనడా నుంచి పాతికేళ్ల కవి, తర్వాత గాయకుడిగా పేరు తెచ్చుకున్న లియొనార్డ్ కోహెన్ వచ్చారు. ఆయన 1500 డాలర్లకు ఇల్లు కొన్నప్పుడు క్లిఫ్ట్ దంపతులు రాసుకునే బల్ల, మంచం ఇచ్చారు. ఇప్పుడు హైడ్రా వెళ్లేవాళ్లలో ఎక్కువమంది వెతికేది కోహెన్ ఇంటినే. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ బల్ల ఎవరింటి నుంచి వచ్చిందో కూడా తెలుసుకుని వెళితే బాగుంటుంది.

1959లో జాన్‌స్టన్‌కు క్షయ అని తేలింది. ఊపిరితిత్తుల జబ్బు మనిషికి చెమ్మ పట్టిన ఇల్లు, ముగ్గురు పిల్లలు, చేతిలో నిలకడ లేని డబ్బు. 1960ల మొదట్లో క్లిఫ్ట్ తన బాల్యం ఆధారంగా ఒక నవల మొదలుపెట్టారు. దాదాపు అప్పుడే జాన్‌స్టన్ తన ఊరు మెల్బోర్న్ గురించి, అన్నదమ్ముల గురించి ‘మై బ్రదర్ జాక్’ మొదలుపెట్టారు. ఆమె తన నవలను పక్కన పెట్టారు. రోజు తర్వాత రోజు ఆయన బల్ల పక్కన మెట్టు మీద కూర్చుని, ఆయన గుర్తుచేసుకుంటుంటే వింటూ, ప్రశ్నలు వేస్తూ, కథ ముందుకు నడిపించారు. ఈ సంగతి ఆమే తర్వాత రాశారు. ఆ నవల 1964లో అచ్చయి, ఆస్ట్రేలియాలో పెద్దదైన మైల్స్ ఫ్రాంక్లిన్ బహుమతి గెలుచుకుంది. ముఖచిత్రం మీద ఒక్క పేరే ఉంది.

దీన్ని త్యాగం అని పొగిడి వదిలేయడం నాకు నచ్చదు. ఆమె ఇష్టపడే చేశారు. ఆ నవల గొప్పదవుతుందని నమ్మి చేశారు. అయినా లెక్క లెక్కే. కుంపటి, నీళ్లు, అరువు, జబ్బు మనిషి, మూడో బిడ్డ, ఆపైన మరొకరి నవల. ఇవన్నీ పోగా ఆమె పుస్తకానికి మిగిలిన గంటలు ఎన్ని? అయినా ఆ ద్వీపం నుంచే ఆమె హైడ్రా జీవితం మీద ‘పీల్ మీ ఎ లోటస్’ను 1959లో, ఆ తర్వాత రెండు నవలలను ప్రచురించారు.

1964లో కుటుంబం ఆస్ట్రేలియా తిరిగి వెళ్లింది. గ్రీకు బడిలో చదువుకున్న పెద్ద కొడుకు మార్టిన్ తర్వాత కవి అయ్యారు, గ్రీకు కవిత్వాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. క్లిఫ్ట్ సిడ్నీ మోర్నింగ్ హెరాల్డ్‌లో వారం వారం వ్యాసాలు రాసి వేలాది పాఠకులకు ఇంటి మనిషయ్యారు. ‘మై బ్రదర్ జాక్’ టెలివిజన్ రూపానికి స్క్రిప్టు రాసిందీ ఆమే. పక్కన పెట్టిన నవల మాత్రం పూర్తి కాలేదు. 1969 జులై 8న, 45 ఏళ్ల వయసులో, ఆమె ఆత్మహత్య చేసుకున్నారు. మరుసటి ఏడాది జాన్‌స్టన్ క్షయ వల్లే మరణించారు.

ఆ అసంపూర్ణ నవల ‘ది ఎండ్ ఆఫ్ ది మోర్నింగ్’ పేరుతో, ఆమె పత్రికా వ్యాసాలు కొన్నిటితో కలిపి 2024లో పుస్తకంగా వచ్చింది. మీలో ఆసక్తి ఉన్నవారు మొదట కలిమ్నోస్ పుస్తకం, తర్వాత హైడ్రా పుస్తకం, ఆ తర్వాత ఈ నవల చదవండి. ‘మై బ్రదర్ జాక్’ చివరికి ఉంచుకోండి. ఇక మీ ప్రశ్నలు వింటాను.